ఆలివ్ చెట్లూ, పందిరన్న మీద నా కుళ్ళూ

ఆ రోజుల్లో నాకు ఆకలి, నిద్ర, కుళ్ళు మూడూ సమానంగా ఉండేవి. మొదటి రెండూ ఎండాకాలంలో కాస్త తగ్గేవి గానీ మూడోదాన్ని మాత్రం కువైట్ ఎండ కూడా ఏమీ చేయలేకపోయేది. ఇప్పుడు అబూ హలీఫాలో అద్దె ఫ్లాట్ కిటికీ పక్కన టీ తాగుతూ తలుచుకుంటే నవ్వొస్తుంది. పాతికేళ్ల వయసులో ఒక మనిషి ఇంకో మనిషిని చూసి అంతగా ఏడ్చాడంటే అవతలివాడికి మేడలూ మిద్దెలూ ఉండాలి కదా! నేనేడ్చింది ఒక ద్రాక్ష పందిరిని చూసి. (ఆ పందిరి నాదీ కాదు, ఆయనదీ కాదు. నేలా, నీళ్లూ, పందిరీ అన్నీ ఒక కువైటీ కుటుంబానివి. మేమిద్దరం నెల జీతగాళ్లం. అయినా ఏడ్చాను.)

మాది కోనసీమ. వ్యవసాయంలో డిప్లొమా చేశాను. అందులో వరి ఉంది, కొబ్బరి ఉంది, అరటి ఉంది, ఆలివ్ అనే మాటే లేదు. ఏజెంటు "ఆలివ్ చెట్లు తెలుసా?" అనడిగితే మాత్రం "తెలుసండి" అన్నాను. (పూర్తి అబద్ధం కాదు. ఒకసారి రాజమండ్రిలో పిజ్జా మీద చూశాను.) అలా వచ్చి పడ్డాను వఫ్రాకి. దక్షిణాన సౌదీ సరిహద్దు వైపు వెళ్తే ఇసుక మధ్యలో తోటలు కనిపిస్తాయే, అదే వఫ్రా. మా తోట యజమానిని పనివాళ్లమంతా బాబా అనేవాళ్లం. కాపురం కువైట్ సిటీ వైపు సల్వాలో. శుక్రవారం వచ్చిందంటే పిల్లాపాపలతో కుటుంబమంతా తోటకొచ్చి భోజనం చేసి వెళ్లేది. ఆయన కూతురు ఇటలీలో చదువుకుని వచ్చింది. అక్కడ ఒక కుటుంబం తాతల నాటి తోటలో ద్రాక్ష పండించి వైన్ చేస్తారట, పక్కనే ఆలివ్ పండించి నూనె తీస్తారట, పురుగుమందు చుక్క కొట్టరట, నీటి చుక్క పారబోయరట. మనమూ అలాగే చేద్దామని తండ్రిని ఒప్పించింది. కువైట్‌లో వైన్ మాటెత్తితే ఏమవుతుందో అందరికీ తెలుసు కాబట్టి కలలో ఆ ముక్క ఇటలీలోనే ఉండిపోయింది, మిగిలింది వఫ్రా ఇసుకలో దిగింది. నోరు తెరిస్తే 'సస్టెయినబుల్' అనేది కాబట్టి మేము చాటుగా ఆవిడకి సస్టెయినబుల్ మేడమ్ అని పేరు పెట్టుకున్నాం. యూరియా వద్దు, మందులొద్దు. మేకల పెంట, ఖర్జూరం మట్టలు కుళ్లబెట్టిన ఎరువు వెయ్యాలి, పురుగు పడితే సబ్బు నీళ్లు చల్లాలి. డిప్లొమాలో నేను నేర్చుకున్నదంతా ఆవిడ మొదటి రోజే నిషేధించేసింది.

ఆలివ్ చెట్లు నాకు, ద్రాక్ష ఇంకొకాయనకి అప్పజెప్పారు. ఆయనది కడప వైపు. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. డ్రైవరుగా వచ్చినవాడు "మా కాడ ద్రాక్ష తోటలుండాయి మేడమ్" అన్న ఒక్క మాటతో తోటమాలి అయిపోయాడు. (ఆ తోటలు ఎవరివో, ఈయన వాటిని బస్సు కిటికీలోంచి చూశాడో దిగి చూశాడో నాకిప్పటికీ తెలీదు.) నేనాయన్ని పందిరన్న అనేవాణ్ణి. మనిషి చెయ్యి మంచిదో, తీగ జాతే అంతో గానీ, వేసిన రెండో వేసవికే పందిరంతా అల్లుకుపోయింది. కాయ కాయకముందే ఆకులకు పేరొచ్చింది. కువైటీలు లేత ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి ఉడికించుకుంటారు. ఆడవాళ్లంతా పందిరి కింద చేరి ఆకులు కోస్తూ ఈయన్ని పొగుడుతూ ఉంటే, నేను నా ఆలివ్ చెట్ల మధ్య నిలబడి ఆకులకు కూడా ఇంత గొడవేమిటని పళ్లు నూరుకునేవాణ్ణి. నా చెట్ల ఆకులు ఎవడికీ పనికిరావు. పరీక్ష తప్పిన పిల్లల్లా ఉన్నచోటే ఉండేవి, పెరిగేవి కావు.

తర్వాత పళ్లొచ్చాయి. బాబా ఒక పండు నోట్లో వేసుకుని కళ్లు మూసుకుని "వల్లా, సుక్కర్!" అన్నాడు. దేవుడి తోడు, పంచదారే అని. అంతే, పందిరన్న తలెత్తి తోట అంతా వదిలేసి సరిగ్గా నా వైపు చూశాడు. ఆ చూపుకి నా కడుపు భగ్గున మండింది. సాయంత్రం గదిలో రొట్టెలు కాల్చుకుంటూ "ఏం అబ్బీ, నీ చెట్లు ఈ జన్మలో కాస్తాయా?" అనడిగాడు. "కాస్తాయండన్నా, వాటికో టైముంటుందండి" అన్నాను. (మా వైపు వాళ్లకి ఒళ్లు మండినా 'అండి' మాత్రం పోదు.) అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది నీళ్లు. తోట బోరులో వచ్చేది ఉప్పనీళ్లు. వారానికో ట్యాంకరు మంచినీళ్లొచ్చేది. ఆలివ్ ఉప్పుని తట్టుకుంటుంది కాబట్టి ఆ ట్యాంకరు నీళ్లన్నీ ద్రాక్షకే పోవాలని మేడమ్ ఆర్డరు. మంచినీళ్ల పైపు నా చెట్ల పక్కనుంచే, నా కళ్లముందే పందిరి దాకా వెళ్లేది. దాన్ని దాటినప్పుడల్లా ఓ తన్ను తన్నాలనిపించేది. తన్నలేదు, ఎందుకంటే చెప్పుల్లో ఉండేవాణ్ణి.

మూడో ఏడు చలికాలంలో బాబా నా చెట్ల మధ్య కర్ర ఊపుకుంటూ తిరిగి, "జైతూన్ మాఫీ?" అన్నాడు. ఆలివ్‌లు లేవా అని. ఇంకా లేవన్నాను. వచ్చే చలికాలం లోపల కాయ కనపడకపోతే ఈ చెట్లు ఖలాస్, ఇక్కడా ద్రాక్ష పందిరే వేయిస్తానని తేల్చి చెప్పాడు. అయితే నా పనేమిటని అడిగాను. ఆయన ఎంతో దయగా "నువ్వు అతని కింద పని చెయ్యి" అని పందిరన్న వైపు కర్ర చూపించాడు. ఉద్యోగం పోతుందని చెప్పినా అంత బాధపడేవాణ్ణి కాదు. పందిరన్న కింద! ఆయన 'అబ్బీ, ఆ బుట్ట తే' అంటే నేను తీసుకెళ్లడం! ఆ ఏడాదంతా ఆ బుట్టే నా కళ్లముందు తిరిగింది, బాబా వచ్చి నా చెట్ల కింద కుర్చీ వేసుకున్నప్పుడల్లా మరీను.

అదృష్టం, ఆ చలికాలం చలి గట్టిగా కొట్టింది. ఆలివ్‌కి చలి తగిలితేనే పూత. వసంతంలో తెల్లటి చిన్న పూలొచ్చాయి, ఇసుక గాలికి సగం రాలిపోయాయి, మిగిలిన సగం వేసవంతా నన్ను నిద్రపోనివ్వకుండా బతికి బట్టకట్టి, ఎండలు తగ్గేనాటికి పచ్చటి కాయలయ్యాయి. నేను పందిరన్న ముందు నుంచి ఊరికే నాలుగుసార్లు నడిచాను, అడిగితే చెబుదామని. ఆయన అడగలేదు. బాబాకి చెప్పాను. ఆయన సంబరపడి, వచ్చే శుక్రవారం కాదు, ఆ పై శుక్రవారం అన్నదమ్ములందర్నీ భోజనానికి పిలుస్తానని, మొదటి ఆలివ్‌లు భోజనంలో ఉండాలని చెప్పాడు. ద్రాక్ష గుత్తులు పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే నేనూ కాయలు కడిగి పళ్లెంలో పెట్టి, బాబా నోట్లో వేసుకుని 'వల్లా' అంటుంటే, సరిగ్గా అప్పుడు పందిరన్న వైపు చూడాలని అనుకున్నాను. ఎలా చూడాలో కూడా అద్దంలో ఒకసారి చూసుకున్నాను.

మరుసటి రోజు పొద్దున్నే ఒక కాయ కోసి కొరికాను. చేదు! అది మామూలు చేదు కాదు. కాకరకాయ దాని ముందు కలాకండ్. ఉమ్మేసి ఇంకో చెట్టుది కొరికాను. అదీ అంతే. నేను జన్మలో తిన్న ఆలివ్‌లన్నీ సీసాలోంచి వచ్చినవే. సీసాలో ఎలా ఉంటాయో చెట్టు మీదా అలాగే ఉంటాయనుకునేవాణ్ణి. ఫోన్లో వెతకొచ్చు కదా అంటారేమో, వెతికాను. 'ఆలివ్ కాయ చేదుగా ఎందుకుంటుంది' అని కాదు, 'చెట్టు మొదట్లో ఏం పోస్తే కాయ చేదవుతుంది' అని. ఎందుకంటే అంతకుముందు వారమే పందిరన్న బకెట్టు పట్టుకుని నా చెట్ల పక్కనుంచి వెళ్లడం నేను కళ్లారా చూశాను. (బకెట్లో ఉన్నది మేకల పెంట కలిపిన నీళ్లు. పందిరికి పోసుకోవడానికి తీసుకెళ్తున్నాడు. ఆ వాసన కూడా నాకు అనుమానంగానే తోచింది.)

ఎవర్నైనా అడిగితే పరువు పోతుంది. పారేస్తే ఖలాస్. ఇక మిగిలింది మా అమ్మ కాకరకాయకి చేసే వైద్యం. కాయలన్నీ కోసి, ఒక్కోదాన్ని రాయితో చితక్కొట్టి, ఉప్పు పట్టించి నీళ్లలో నానేశాను. రోజూ ఆ చేదు నీళ్లు వంపి కొత్త ఉప్పునీళ్లు పొయ్యడం. వారం దాటేసరికి చేదు చచ్చింది గానీ పూర్తిగా చావలేదు. ఆ మిగిలిన చేదుని కప్పెయ్యడానికి లోకంలో ఒకటే మార్గం ఉందని ఏ గోదావరి వాడినడిగినా చెబుతాడు. ఆవకాయ. కానీ ఆవపిండీ, ఎర్రకారం, వెల్లుల్లి మా తోట మొత్తానికి ఒక్కచోటే ఉన్నాయి, పందిరన్న మంచం కింద ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బాల్లో.

సిగ్గు విడిచి వెళ్లి "అన్నా, కాస్త ఆవపిండి ఇస్తారాండి?" అనడిగాను.

"ఆవపిండి యాందుకబ్బీ? నీ జైతూన్ చెట్లకు మామిడికాయలు కాసినాయా ఏంది?"

దాచి లాభం లేక గిన్నె చూపించాను. ఒక కాయ నోట్లో వేసుకుని మొహం ముడుచుకున్నాడు. "సామీ! ఏందబ్బీ ఈ చేదు? బాబా దీన్ని తిన్న్యాడంటే మనిద్దరికీ ఖలాసే."

"మనిద్దరికీ ఏంటండి? పోయేది నా చెట్లే కదా" అన్నాను కచ్చగా.

"నీ చెట్లు పీకితే ఆడ పందిరెయ్యాల్సింది ఎవురు? నేనే గదా! ఉండే పందిరికే నా నడుం పడిపోయినాది. ఇంగొకటేస్తే నేను బతకను. తే ఆ గిన్నె, ఇట్ల తే."

నేను తెచ్చాను. (బుట్ట కాదు కదా అని సరిపెట్టుకున్నాను.) ఆయన కారం కుమ్మరించాడు. నేను "చాలండి, చాలండి" అంటున్నకొద్దీ ఇంకా వేశాడు. "చేదు అనేది దానికే గుర్తుండకూడదు అబ్బీ" అన్నాడు. నూనె కూడా ఆయనదే.

శుక్రవారం వచ్చింది. నేల మీద పెద్ద పళ్లెంలో మచ్‌బూస్, అంటే వాళ్ల మాంసం పులావు, చుట్టూ బాబా, మేడమ్, అన్నదమ్ములు, పిల్లలు. ఆ ఎర్రటి జాడీ తీసుకెళ్లి పక్కన పెట్టి, కొంచెం దూరంగా పందిరన్న పక్కన నిలబడ్డాను. బాబా ఒక కాయ తీసి అన్నంలో కలుపుకుని తిన్నాడు. మొహం ఎర్రబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. దగ్గాడు. మజ్జిగ గ్లాసు కోసం చెయ్యి చాచాడు. నా పక్కన పందిరన్న "సచ్చినాం" అని గొణిగాడు. నాకు నోరాగలేదు. "మేడమ్, చేదు నా తప్పు కాదండి, చెట్టులోనే ఏదో వచ్చింది, ఎంత కడిగినా పోలేదు" అని వచ్చిన ఇంగ్లీషులో అంతా వెళ్లగక్కాను. మేడమ్ చేతిలో ముద్ద పట్టుకునే పడీపడీ నవ్వింది. ఏ దేశంలోనైనా ఏ చెట్టుదైనా పచ్చి ఆలివ్ చేదేనట. ఇటలీలోనూ వారాల తరబడి ఉప్పునీళ్లలో నానబెట్టాకే తింటారట. తొందరున్నవాళ్లు రసాయనాల్లో వేస్తారు, నువ్వు ఉప్పూ నీళ్లతోనే చేశావు కాబట్టి ఇది అసలైన సస్టెయినబుల్ అంది. ఈలోగా బాబా రెండో కాయ తీసుకున్నాడు. మూడోది కూడా. "అచార్!" అన్నాడు. (కువైటీలకీ ఊరగాయ అచారే. అన్నంలోకి అది లేకపోతే వాళ్లకీ ముద్ద దిగదు. ఆ సంగతి మాకా రోజే తెలిసింది.) జైతూన్ చెట్లను ఎవరూ ముట్టుకోకూడదని అక్కడే, అందరి ముందూ చెప్పేశాడు.

అద్దంలో చూసుకున్న చూపు మొహం మీదికి తెచ్చుకుంటూ పందిరన్న వైపు తిరుగుతున్నాను. ఇంతలో బాబా "ఎవరు కలిపారిది?" అనడిగాడు. పందిరన్న ఒక్క అడుగు ముందుకేసి గుండె మీద చెయ్యి పెట్టుకుని "అనా, బాబా" అన్నాడు. నేనే అని! బాబా లేచి ఆయన వీపు తట్టి, పక్కన కూర్చోబెట్టుకుని స్వయంగా మాంసం ముక్క వడ్డించాడు. చెట్టు నాది, కాయ నాది, భయం నాది. పేరు ఆయనది. పైగా ఆ కుటుంబంలో ఆ పచ్చడికి 'కడప అచార్' అని పేరు స్థిరపడిపోయింది. కోనసీమలో పుట్టి, ఆవకాయ చేసి, దాన్ని కడప అచార్ అని పిలుస్తుంటే ఏటేటా జాడీలకెత్తి సల్వా పంపినవాణ్ణి బహుశా భూమ్మీద నేనొక్కణ్ణే.

కొన్నేళ్లకి పందిరన్న ఇఖామా, అంటే ఇక్కడుండే పర్మిట్టు, మళ్లీ కొట్టించుకోనని, ఇక చాలని ఊరికి ప్రయాణమయ్యాడు. ఎయిర్‌పోర్టుకి పికప్‌లో నేనే దింపాను. అట్టపెట్టెలు ట్రాలీ మీద సర్దుకుని, వెళ్లబోతూ ఆగాడు.

"ఒగ మాట చెప్తా, నవ్వద్దు అబ్బీ. నిన్ను జూస్తే నాకు శానా కుళ్ళుగా ఉండె."

"నన్నాండి?"

"ఊ. ద్రాక్షపండ్లుంటేనే నా కాడికి వస్తాండ్రి. తిని, చేతులు కడుక్కోని పోతాండ్రి. నీ చెట్ల కింద మాత్రం పెద్దాయన కాయలేనప్పుడు గూడా కుర్చీ ఏసుకోని కూసుంటాండె, నీతో మాట్లాడుతాండె. నా పందిరి కింద ఒగ దినమన్నా కూసున్న్యాడా? కడుపు కాలిపోతాండె అబ్బీ నాకు" అని, నా భుజం తట్టి లోపలికి వెళ్లిపోయాడు.

పికప్‌లో కూర్చుని ఏసీ వేసుకున్నాను. నాకు ముందుగా వచ్చింది కన్నీళ్లు కాదు, కోపం. ఇన్నేళ్లు నా పక్క మంచం మీద ఒక మనిషి నన్ను చూసి కుళ్ళిపోతూ ఉంటే నాకు తెలియకపోవడమేమిటి? ఆ ముక్క మొదటి వేసవిలోనే చెప్పుంటే ఎంత హాయిగా బతికేవాణ్ణి! బాబా కుర్చీ వేసుకున్న ప్రతిసారీ ఏ చెట్టు ముందు నరికిద్దామా అని చూస్తున్నాడనుకుని బిక్కచచ్చిపోయిన ఆ పాతికేళ్ల కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు జాలేస్తుంది, ముద్దొస్తాడు కూడా.

ఇప్పుడు పందిరీ నా చేతి కిందే, ఆలివ్‌లూ నా చేతి కిందే. పెళ్లాం పిల్లలతో అబూ హలీఫాలో ఉంటూ రోజూ కారులో వఫ్రా వెళ్లొస్తాను. మొన్న వేసవిలో మేడమ్ ఒక ద్రాక్షపండు నోట్లో వేసుకుని, అచ్చం వాళ్ల నాన్నలాగే కళ్లు మూసుకుని "సుక్కర్" అంది. నేను గబుక్కున తలెత్తి పక్కకి చూశాను, ఎవరి మొహం మాడిందో చూద్దామని. పక్కన ఎవరూ లేరు.