ఉప్పులో వేసిన ముక్క

నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని ఇంట్లోవాళ్ళు అనేవారు. అది నిజమని ఆ మధ్యాహ్నం నాకే తెలిసొచ్చింది. పంతొమ్మిదివందల యాభైల్లో ఏలూరులో ఒక ఆసుపత్రిలో, రోగుల ఒంటినుంచి కోసిన కండముక్కలను మైక్రోస్కోపులో చూసి జబ్బేమిటో చెప్పడం నా ఉద్యోగం. కొల్లేటి లంకలో చేపలు పట్టుకునే పెద్దాయన ఒకాయన వచ్చి నా బల్లమీద తామరాకు పొట్లం పెట్టాడు. విప్పితే నిండా రాళ్ళుప్పు, మధ్యలో చింతగింజంత ఎండిపోయిన ముక్క.

అది ఆయన కూతురి కంటిది. ఇరవయ్యేళ్ళ పిల్ల. ఎడమ కంటి మూల ఎర్రటి కండ పెరిగి రెప్ప మూతపడడం లేదు. వాళ్ళ పక్కూరి డాక్టరు అందులో కాస్త కోసి, కుళ్ళకుండా మందుసీసాలో వేసి, తండ్రికిచ్చి మా దగ్గరికి పంపాడు. పిల్లను వార్డులో చేర్చుకున్నారు. కేన్సరయితే కన్ను తీసెయ్యాల్సిందేనని మా సర్జను అన్నాడు.

"సీసా ఏదయ్యా?"

"దోనెలో ఒలికిపోయిందండి. ఎండకి కుళ్ళిపోద్దని ఉప్పేసేనండి. మా చేతిలో చేప చెడదండి."

"ఇది చేపా? నీ కూతురి కన్ను! బుద్ధి గడ్డి తిందా?"

ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అరిచినందుకు సిగ్గేసింది, అయినా ఇంకాస్త అరిచాను. మళ్ళీ కొంచెం కోద్దామంటే, మొదటిసారికే నెత్తురు ఆగలేదట, సర్జను ఒప్పుకోలేదు. ఆ పిల్ల కన్ను ఆ ఎండుముక్కమీదే ఆధారపడింది.

ఉప్పు పోయేదాకా నీళ్ళలో నానబెట్టి, మైనంలో పెట్టి, పల్చగా కోసి, రంగువేసి చూసేసరికి మూడురోజులు పట్టింది. మనిషి తాలూకు కణాలన్నీ ఉప్పుకి చెరిగిపోయాయి. వాటి మధ్య మాత్రం గుండ్రటి సంచులు, మందపాటి పెంకులతో, చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఒక్కోదాన్నిండా వందలకొద్దీ పూసలు. ఒకటి నోరు తెరిచి వాటిని కక్కుతోంది. అమ్మో! పట్టపగలు, గదిలో నేనొక్కణ్ణే. కిందనుంచి అవే నన్ను చూస్తున్నట్టనిపించి చటుక్కున తల ఎత్తేశాను.

కేన్సరు కాదు. చెరువుల్లో మునిగేవాళ్ళకి ముక్కులోనో కంట్లోనో పట్టే బూజుజాతి తెగులు. ఆ కండ తీసేస్తే చాలు. ఆ మాట రాసిన కాగితం పట్టుకుని సర్జను దగ్గరికి పరుగెత్తాను. కన్ను దక్కింది.

ఇంటికి పంపేరోజు తండ్రిని పిలిచి మైక్రోస్కోపులో చూపించాను. చాలాసేపు చూశాడు.

"చేపగుడ్లండి ఇవి" అన్నాడు. నవ్వబోయి ఆగిపోయాను. అచ్చం అలాగే ఉన్నాయి.

"మా నీళ్ళలోవేనాండి?"

"అనే అనుకుంటున్నాం. ఇంక ఆ నీళ్ళలో మునగకండి."

"మరెక్కడ మునగాలండి?"

కోపంగా అడగలేదు, నిజంగానే అడిగాడు.

మరుసటేడు వానలు వెనకబట్టాక మళ్ళీ వచ్చాడు. తలగుడ్డ కొస ముక్కుకి అడ్డంగా చుట్టుకున్నాడు. బల్లమీద సీసా పెట్టాడు. మూతకి మైనం, మందు ఒక్క చుక్క పోలేదు.

"మళ్ళీ అమ్మాయికేనా? కూర్చోండి, కూర్చోండి."

"అమ్మాయి బాగుందండి" అన్నాడు, గుడ్డలోంచి మాట ముద్దగా వస్తోంది. "ఈసారి ఉప్పెయ్యలేదండి. ఇది నాదండి."