ఊపిరి తీసిన పాతర

మొన్న బుధవారం సత్తెమ్మ మామ్మ పాతరలోకి నినాదాలిస్తూ దిగాను. పైకి మాత్రం ధాన్యం బస్తాలా వచ్చాను. నవ్వండి, ఫరవాలేదు. టీ చల్లారేలోగా చెప్పేస్తాను.

పద్మపూర్ స్కూల్లో సైన్సు మాస్టారుగా చేరిన దగ్గర్నుంచీ మామ్మ ఇంటి వీధిగదిలోనే ఉంటున్నాను కదా. ఆవిడది ధాన్యం వ్యాపారం. పెరట్లో మూడు నిలువుల లోతు గొయ్యి. చుట్టూ గడ్డి కట్టి, వడ్లు పోసి, పైన మట్టితో మూసేస్తారు. అదే పాతర. పైసగం వడ్లు వేసవిలోనే తీసేశారు. ఈ వానలకి మూత చిట్లి, మిగతా సగంలోకి నీళ్ళు దిగాయి. జనం గింజల్లేక మాడుతుంటే వీళ్ళు గోతిలో దాచి కుళ్ళబెడతారా అని నాకు ముందే ఒళ్ళు మండుతోంది.

ఆ పొద్దున్నే క్లాసులో, సిలబస్‌లో లేకపోయినా, గ్లైకాలసిస్ చెప్పాను. కణం గ్లూకోజును రెండుగా విరిచి శక్తి తీసుకుంటుంది. అంతవరకూ ఆక్సిజన్ అక్కర్లేదు. తర్వాత ఆక్సిజన్ దొరికితే ఆ ముక్కలు పూర్తిగా కాలి బోలెడు శక్తి. దొరక్కపోతే, మన కండరంలో లాక్టిక్ ఆసిడ్, ఈస్టులో అయితే ఆల్కహాలు, కార్బన్ డయాక్సైడు. "గింజ కూడా ప్రాణే! తడిస్తే ఇంకా జోరుగా ఊపిరి పీలుస్తుంది!" అని బల్ల గుద్ది మరీ చెప్పాను.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి మబ్బు పట్టి పెరడంతా చీకటిగా ఉంది. తడిసిన వడ్లు తోడటానికొచ్చిన సోమయ్య పాతర మూత తీసి, తాడుకి లాంతరు కట్టి లోపలికి దించుతున్నాడు. గాలి లేదు. ఆకు కదలడం లేదు. లాంతరు మూర లోతు దిగింది. మంట రెపరెపలాడలేదు. మెల్లగా కుంగి, ఎవరో రెండు వేళ్ళతో నొక్కేసినట్టు ఆరిపోయింది. మళ్ళీ వెలిగించి దించాడు. మళ్ళీ అక్కడే ఆరింది. మూడోసారీ అక్కడే!

నిజం చెప్తున్నాను, నా వీపు జలదరించింది. అందుకే కోపం వచ్చింది.

"దిగవేం సోమయ్యా?"

"దీపం నిలబడ్నేదు మేస్టారూ. ఈయాల దిగకూడదు."

"అది ఊపిరి తీస్తంది బాబూ," అంది మామ్మ, అరుగు మీద నుంచి. "పొద్దోయేదాకా ఆగాల."

ఊపిరట! గోతికి! నేను రగిలిపోయాను. "దెయ్యాలూ లేవు, భూతాలూ లేవు! కష్టజీవిని భయంతో కట్టిపడేసే కుట్ర ఇది! మూఢనమ్మకాలు నశించాలి!" అంటూ పంచె ఎగ్గట్టాను.

"ఏటి బాబూ ఇది, సెప్తే వినవేటి? సరే, నా మాట కోసం వద్దులే, మీయమ్మ కోసం ఈ తాడు నడుముకి కట్టుకో," అంది మామ్మ.

వెటకారంగా నవ్వుతూనే కట్టుకున్నాను. సోమయ్య రెండో కొస స్తంభానికి చుట్టాడు.

నిచ్చెన నాలుగు మెట్లు దిగాక వెచ్చగా తగిలింది. ఎవరో నోరు తెరిచి నా కాళ్ళ మీద ఊదుతున్నట్టు. పులిసిన తియ్యటి వాసన, సారా వాసన. "విజ్ఞానమే..." అని అరిచాను. ఆ గొంతు నాది కాదు, ఎక్కడో దూరంగా ఎవరో అన్నట్టుంది. వడ్ల మీద కాలు పెట్టాను. అప్పుడు వినిపించింది. పక్కనే ఎవరో రొప్పుతున్నారు. గబగబా, ఆత్రంగా, నా చెవి పక్కనే. నేను ఊపిరి బిగబట్టాను. అదీ ఆగింది! వదిలాను. అదీ మొదలెట్టింది!

అది నేనే. ఆ సంగతి తట్టగానే పైకి ఎక్కబోయాను. నిచ్చెన ఎదురుగానే ఉంది. ఎక్కమంటే కాళ్ళు ఎక్కవే! ఆక్సిజన్ లేని కణానికి గ్లూకోజు అణువుకి దక్కే శక్తి రెండే ఏటీపీలని పొద్దున్న బోర్డు మీద రాసింది నేనే. నా పిక్కలు ఆ పాఠాన్ని అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్తున్నాయి. పైన గుండ్రటి వెలుగు చిన్నదై, చిన్నదై...

కళ్ళు తెరిస్తే పెరట్లో బురదలో ఉన్నాను. సోమయ్య రొప్పుతున్నాడు, అరచేతులు తాడు ఒరిసి ఎర్రబడ్డాయి. మామ్మ నా నోట్లో బెల్లం నీళ్ళు పోస్తోంది.

బతికి బయటపడ్డానని తెలియగానే ఏం చేశానో తెలుసా? పాఠం మొదలెట్టాను! పడుకునే! "అది దెయ్యం కాదు మామ్మగారూ. తడిసిన గింజలూ బూజూ కలిసి ఆక్సిజన్ తినేశాయి. కార్బన్ డయాక్సైడు అడుగున పేరుకుంది. దీపం అందుకే ఆరింది. మనిషి దిగినా అంతే!"

మామ్మ ఓపిగ్గా చివరిదాకా వింది.

"నేను సెప్పింది అదే కదా బాబూ, ధాన్యం ఊపిరి తీస్తందని? దెయ్యమని ఎవలన్నారు?"

సోమయ్య వైపు చూశాను. తల అడ్డంగా ఊపాడు. ఆ పెరట్లో ఆ మాట ఎత్తినవాణ్ణి నేనొక్కణ్ణే!

పొద్దు వాలేదాకా సోమయ్య వేపమండల కట్ట పాతరలోకి దించుతూ లేపుతూ గాలి ఆడించాడు. ఈసారి లాంతరు అడుగుదాకా దిగి, కులాసాగా వెలిగింది. సోమయ్య నడుముకి తాడు కట్టుకున్నాడు. సిగ్గుతో, పశ్చాత్తాపంతో నేను లేచి రెండో కొస అందుకోబోయాను.

సోమయ్య నన్ను కింది నుంచి పైదాకా చూసి, తాడు మెల్లగా లాక్కుని మామ్మకిచ్చాడు.

"నువ్వట్టుకో మామ్మా. మేస్టారు మజ్జిలో ఉపన్యాసం మొదలెడితే నాను లోపలే ఉండిపోతాను."