నెమ్మది ఓడలు ముందు

మా తమ్ముడు చర్చికి రావడం మానేసిన ఏడాదే నేను అంతరిక్ష యుద్ధం నేర్చుకున్నాను.

అప్పుడు వాడు కండ్లకోయ దగ్గర ఇంజనీరింగ్ చదువుతున్నాడు. నేను మేడ్చల్‌లో ఒక చిన్న బడిలో పాఠాలు చెబుతూ, ఆదివారాలు మా సంఘంలో పాటలు నడిపించేదాన్ని. వాడు ఢోలక్ వాయించేవాడు. మంచి చెయ్యి, కానీ ఆగదు. రెండో చరణానికల్లా పాటను దాటి వెళ్ళిపోయేవాడు. కోత పండుగ ఆరాధనలో, నిండు సంఘంలో, మా పెద్దనాయిన చెయ్యెత్తి పాట ఆపించాడు. ఆయన సంఘపెద్ద.

"ఆగు బిడ్డా. నువ్వు పాట ఎన్క నడుస్తవా, పాటనే నీ ఎన్క ఉర్కాల్నా?"

అందరూ నవ్వారు. వాడు ఢోలక్ గోడకు ఆనించి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. తర్వాతి ఆదివారం రాలేదు. క్రిస్మస్‌కు కూడా రాలేదు. ఇంట్లో ఎవరూ బలవంతపెట్టలేదు. నేను మాత్రం రోజూ మోకాళ్ళ మీద వాడి పేరు ఎత్తేదాన్ని. వాడు మళ్ళీ వచ్చి మా మధ్య కూర్చోవాలి. ఆ ఏడాది ప్రభువును నేను గట్టిగా అడిగింది అదొక్కటే.

ఆరాధన వేళకు వాడు షామీర్‌పేట బస్సెక్కేవాడు. అక్కడ ఏముందని అడిగితే, "నువ్వే వచ్చి చూడు" అన్నాడు. రెండో శనివారం బడికి సెలవు. వెళ్ళాను.

అది వాడి కాలేజీ దోస్తు ఇల్లు. భూములున్న కుటుంబం. వాళ్ళ నాయిన అప్పటికే పొలాలను ప్లాట్లుగా కోసి అమ్ముతున్నాడు. మేడ మీది హాల్లో నేలంతా నల్లగుడ్డ పరిచి, దాని మీద తెల్ల రంగుతో చుక్కలు చల్లారు. ఆ చుక్కల నడుమ ఓడలు. పెన్ను మూతలు, పాడైన గడియారాల పళ్ళచక్రాలు, మందు సీసాల మూతలు లప్పంతో అతికించి, గోళ్ళ రంగు పూసి చేసినవి. కొన్ని నా వేలంత ఉన్నాయి, కొన్ని చింతగింజంత. ఆట నియమాలు ఎవరో ఇంటర్నెట్ సెంటర్లో అచ్చు తీసి తెచ్చారు. దూరాలు కొలవడానికి ప్లాట్లు కొలిచే టేపే వాడుతున్నారు.

దోస్తు నాకు ఆట చెప్పాడు. "మస్తు అల్కగ ఉంటదక్కా. ఏ ఓడ ఎటు పోవాల్నో ముందుగాల చీటీ మీద రాసి బోర్లేస్తం. అందరం ఒక్కపారే తిప్పుతం. రాసినట్టే జరపాలె, మాట మార్చేది లేదు. జరిపినంక పాచికలేసి కాల్చుకునుడు."

పెద్ద ఓడ ఒక విడతలో జానెడు దూరమే పోతుంది. చిన్నది దానికి మూడింతలు పోతుంది. ఒకసారి వేగం అందుకున్న ఓడ వెంటనే ఆగదు. తెలుసుకోవలసింది ఇంతే. తలా నాలుగు ఓడలతో ఆడితే మా తమ్ముణ్ణి ఎవరూ గెలవలేరట. సెలవు రోజుల్లో మాత్రం ఉన్న ఓడలన్నీ గుడ్డ మీదికి దించి, ఇద్దరిద్దరు ఒక పక్షంగా పెద్ద యుద్ధం ఆడేవారు. అందులో వాడు ఒక్కసారీ గెలవలేదు.

"వీని జోడీకి ఎవ్వడూ ఉంటలేడక్కా," అన్నాడు కీసర నుంచి వచ్చే ఇంకో దోస్తు. "పక్కోని చీటీలు గూడ వీడే రాస్తడు."

ఆ రోజూ వాడికి జోడీ దొరకలేదు. నేను కూర్చున్నాను.

"అక్కా, పాచికల మీద ప్రార్థన చేసేది లేదు, ముందే చెప్తున్న," అన్నాడు ఆ ఇంటివాడైన షామీర్‌పేట అబ్బాయి.

"చెయ్య తియ్. దేవునికి గింతకన్న మంచి పనులున్నయ్."

పెద్ద ఓడలు నాకిచ్చి, చిన్నవి తమ్ముడు తీసుకున్నాడు. మూడో విడతకే వాడి ఓడలన్నీ శత్రువు నోట్లో ఉన్నాయి. అటువైపు తుపాకులన్నీ వాటి మీదే పేలాయి. నా పెద్ద ఓడలు చేరేసరికి అక్కడ ఆదుకోవడానికి ఎవరూ మిగల్లేదు. తర్వాత వంతు నాదయింది.

నాకు ఓటమి కంటే వాడి ముఖమే గుర్తుండిపోయింది. సంఘంలోంచి లేచి వెళ్ళిన రోజు కూడా అదే ముఖం. అందుకే మరుసటి రెండో శనివారం కూడా వెళ్ళాను. ఈసారి నా దగ్గర ఒక ఉపాయం ఉంది. లేఖనాల్లో ఒక పితరుడు తన అన్నతో, నువ్వు ముందు వెళ్ళు, నేను పసిపిల్లలూ మందలూ నడవగలిగినంత మెల్లగా వస్తానని చెబుతాడు. ఆ మాట నాకెంతో ఇష్టం. అందరం నెమ్మది ఓడల వేగంతోనే, ఒక్క గుంపుగా వెళ్దామన్నాను. తమ్ముడు పళ్ళు బిగించి ఒప్పుకున్నాడు.

అది ఇంకా ఘోరం. పరుగెత్తడానికి చేసిన ఓడలు పాకుతూ పోయాయి. అవతలివాళ్ళు తీరిగ్గా చుట్టూ తిరిగి వెనక నుంచి కొట్టారు.

"ఏందక్కా, బోనాల ఊరేగింపు తీసినవా?" అన్నాడు కీసర అబ్బాయి. నాకే నవ్వొచ్చింది.

తిరుగు బస్సులో తమ్ముడు అడిగాడు. "నేనొక్కన్నే ఉర్కితే ఓడినం. అందరం మెల్లగ వోతే గూడ ఓడినం. ఇగ ఎట్ల వోవాలె?"

ఆ లేఖనం మాటలో లోపం లేదనీ, నేను దాన్ని తప్పుచోట పెట్టాననీ అనిపించింది. ఆ నెలంతా అదే ఆలోచన. ఒక ఆదివారం పిల్లలకు అరణ్య ప్రయాణం పాఠం చెబుతున్నాను. బూర ఊదితే ఏ గోత్రం ఎప్పుడు కదలాలో, ఎవరి వెనక ఎవరు నడవాలో చెప్పే భాగం అది. దేవుని గుడారపు పలకలూ తెరలూ మోసే బరువు బండ్లు ముందు బయల్దేరాలి. పరిశుద్ధ వస్తువులు భుజాల మీద మోసేవాళ్ళు తర్వాత కదలాలి. వాళ్ళు చేరేసరికి గుడారం నిలబడి ఉండాలి. ఎన్నిసార్లు చెప్పానో ఆ పాఠం. అందరూ ఒకే వేగంతో నడవాలని అందులో ఎక్కడా లేదు. ఎవరి వేగం వాళ్ళదే. బయల్దేరే వేళలే వేరు.

ఆ సాయంత్రం వంటింటి నేల మీద చింతగింజలను పెద్ద ఓడలుగా, బియ్యపు గింజలను చిన్న ఓడలుగా పేర్చి తమ్ముడికి చూపించాను. చింతగింజలు ముందు కదులుతాయి. బియ్యం కదలదు. చింతగింజలు మూడింట రెండు వంతుల దారి దాటాక బియ్యం పరుగు తీస్తుంది. రెండూ ఒకే విడతలో చేరతాయి.

"అంటే, చిన్నయి గంతసేపు ఊకనే కూసోవాల్నా?"

"బూర ఊదేదాక."

"నాతోని కాదక్కా."

"నాకెర్కనే. అందుకే ఈపారి పెద్దయి నువ్వు తీస్కో, చిన్నయి నాకియ్యి."

వాడు ఒక చింతగింజను వేలితో ముందుకు జరిపాడు. "నువ్వు టయానికి రాకుంటే?"

"వస్త."

"నా ఓడలు సచ్చినంక వస్తే ఏం ఫాయిదా?"

"వస్త అన్న గద తమ్మీ."

మూడో యుద్ధంలో వాడి పెద్ద ఓడలు జానెడు జానెడుగా ముందుకు సాగాయి. నావి మా వైపు గుడ్డ అంచునే ఉన్నాయి. అవతలివాళ్ళు సంబరంగా పెద్ద ఓడల మీదికి దిగారు. ఒకటి పోయింది. ఇంకొకటి సగం కాలింది. తమ్ముడి చెయ్యి నా చీటీల వైపు వచ్చి, మధ్యలో ఆగి, వెనక్కి వెళ్ళింది. వాడు నన్ను చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఇంకో విడత ఆగాను. ఆ తర్వాత చీటీలన్నిటి మీదా ఉన్నంత వేగం రాశాను.

చీటీలు తిప్పినప్పుడు కీసర అబ్బాయి "అమ్మో" అన్నాడు. నా ఓడలన్నీ వాళ్ళ పక్కటెముకల్లోకి దిగాయి. సరిగ్గా అదే విడతలో తమ్ముడి పెద్ద తుపాకులన్నిటికీ వాళ్ళు అందే దూరంలోకి వచ్చారు. కనపడిన ప్రతి ఓడనూ కాల్చలేదు. ఇద్దరం కలిసి ఒకదాన్నే పట్టుకుని, అది పోయాకే రెండోదాని మీదికి వెళ్ళాం. వాళ్ళ నాయకుడి ఓడను ఆఖరుకు ఉంచాం. దాని చుట్టూ ఉన్నవి పోతే అదొక్కటే ఎక్కువసేపు నిలవదు. చీకటి పడకముందే షామీర్‌పేట అబ్బాయి పాచికలు గుడ్డ మీద పడేశాడు.

"ఇగ బస్ అక్కా. ప్రార్థన చేసినవ్, ఒప్పుకో."

"పాచికల మీద జెయ్యలే," అన్నాను. అది నిజమే.

బస్టాపులో నిలబడినప్పుడు చర్చి మాట ఎత్తాలనుకుని, ఎత్తలేకపోయాను. వాడే మొదలుపెట్టాడు.

"పెద్దనాయిన ఒక్కన్ని పిలిచి చెప్తే ఇంటుంటి. అందరి ముందల అన్నడు."

"అవ్. అందరి ముందల అనొద్దుండె."

"నేను గూడ మస్తు ఉర్కుతుంటి." బస్సు కోసం తొంగి చూస్తూ, "రేపు ఏ పాటలు?" అన్నాడు.

చెప్పాను. అంతకు మించి ఒక్క మాట పెంచలేదు.

వాడు వచ్చాడు. ఆలస్యంగా వచ్చి ఆఖరి చాప మీద, ముసలివాళ్ళ మధ్య కూర్చున్నాడు. ఢోలక్ మా పాస్టరయ్య కొడుకు దగ్గర ఉంది. పెద్దనాయిన ముందు వరుస నుంచి లేచి, సంఘమంతా చూస్తుండగా వెనక్కి నడిచి, వాడి పక్కన కూలబడ్డాడు.

"కొడ్తవా బిడ్డా? ఇయ్యమంట."

"ఇయ్యాల వద్దు పెద్దనాయినా. పాడుత."

తర్వాతి పాట ఎత్తుకోవలసింది నేను. నేను ఇంకా ఆ చాప వైపే చూస్తున్నాను. సంఘం ఎదురుచూస్తోంది. అప్పుడు ఆఖరి చాప మీద, ఎప్పుడూ అందరికంటే ఒక పదం వెనక పాడే అవ్వ, కళ్ళు మూసుకుని తానే మొదలుపెట్టింది. తన వేగంలోనే. పెద్దనాయిన అందుకున్నాడు. తమ్ముడు అందుకున్నాడు. నేను ఆఖరున కలిశాను.