మా ఇంటిపేరు పుస్తకం

తొంభైల్లో మా నాన్నగారు రామచంద్రపురంలో టీచరు. మా ఇంటిపేరున్న సైంటిస్టు గానీ పండితుడు గానీ పేపర్లో కనబడితే చాలు, ఆ ఫోటో కత్తిరించి అన్నం మెతుకులతో ఒక నోటుపుస్తకంలో అంటించేవారు. వాళ్లలో ఒక్కరూ మాకు చుట్టాలు కారు.

"ఆఖరి పేజీ నీదేనమ్మా" అనేవారు నాతో.

నా పెళ్లయ్యాక, పీహెచ్‌డీ దరఖాస్తులో అత్తవారి ఇంటిపేరు రాయమని పట్టుబట్టిందీ ఆయనే.

"ఇప్పుడు నువ్వు ఆ ఇంటి పిల్లవి" అన్నారు.

ఒళ్లు మండింది. అయినా రాశాను.

డాక్టరేట్ వచ్చినప్పుడు నా ఫోటో పేపర్లో పడింది, ఆ ఇంటిపేరుతోనే.

ఆయన పోయాక పుస్తకం తెరిచాను. ఆఖరి పేజీ నాలుగు మూలలా రాసిన మెతుకులు ఎండిపోయి ఉన్నాయి. కత్తిరించిన నా ఫోటో మాత్రం అట్ట వెనక విడిగా ఉంది.