ఇందిరమ్మ పేరున్న మూడు పుస్తకాలు

బియ్యం డ్రమ్ము మూత తీసిన ఈరన్నకు లోపల బియ్యం కనబడలేదు. అంచు దాకా పుస్తకాలే ఉన్నాయి.

"ఏమే, బియ్యం ఏడున్నయ్?" అని కేకేశాడు.

"సంచిల ఉన్నయ్," అంది నాగేంద్రమ్మ వంటింట్లోంచి.

"మరి డ్రమ్ముల గీ పుస్తకాలేంది?"

"ఎలుకలు కొరుకుతున్నయ్ కదయ్యా. అందుకే పెట్టిన."

"బియ్యాన్ని ఎలుకలకిడిసిపెట్టి, పుస్తకాలను డ్రమ్ముల దాచినవా?"

నాగేంద్రమ్మ వచ్చి డ్రమ్ము మూత మళ్లీ బిగించింది.

2004 ఎండాకాలం అది. ఈరన్న వనపర్తి ఆర్టీసీ డిపోలో మెకానిక్. మనిషి మెతక, మాట మాత్రం కటువు. కూతురు రమ్య పెళ్లి చేసుకుని అయిజలో కాపురం పెట్టాక ఇంట్లో మిగిలింది ఇద్దరే అయినా చోటు చాలడం లేదు. అల్మారా రెండు అరలు, మంచం కింద ఇనుప పెట్టె, కుట్టుమిషను కింది చెక్క, ఇప్పుడు బియ్యం డ్రమ్ము, అన్నింట్లోనూ పుస్తకాలే. ఊలు అల్లికల పుస్తకాలు, క్రోషా పుస్తకాలు, పూసల బొమ్మలవి, ఎంబ్రాయిడరీవి. కొన్ని తెలుగువి, కొన్ని హిందీవి, ఎక్కువ ఇంగ్లీషువి. ఒకటైతే ఏ భాషో ఆమెకు తెలియదు, అందులో ఒక కుందేలు బొమ్మ నచ్చి తెచ్చుకుంది.

చదువు పదో తరగతితో ఆగిపోయినా ఆ పుస్తకాలు ఆమెకు పరాయివిగా అనిపించేవి కావు. ఆమె పుట్టింది గద్వాలలో, మగ్గాల ఇంట్లో. నాన్న బుచ్చయ్య గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టి చీర అంచుకు హంసలు గీస్తుంటే పక్కన కూర్చుని చూసేది. అల్లికల పుస్తకాల్లోనూ అవే గళ్లు, అవే చుక్కలు. భాష తెలియకపోయినా గడి గడికీ వేలు జరుపుకుంటూ పోతే ఆకు ఎక్కడ మలుపు తిరుగుతుందో, పువ్వు ఎక్కడ విచ్చుకుంటుందో ఆమెకు తెలిసిపోయేది. మధ్యాహ్నం పని సర్దుకున్నాక ఒక పుస్తకం తీసి అలా వేలు జరుపుతూ కూర్చుంటే, చివరికి ఆ స్వెట్టర్ నిజంగా అల్లి పక్కన పెట్టినంత తృప్తిగా ఉండేది.

చిక్కంతా అక్కడే. ఆ తృప్తి చాలడంతో ఆమె ఆ పుస్తకాల్లోంచి ఒక్కటీ అల్లలేదు. ఇరవై ఏళ్లుగా ఆమె చేతులు అల్లేది ఒకే ఒక్క డిజైన్. చిన్నప్పుడు పక్కింటావిడ నేర్పిన చంటిపిల్లల స్వెట్టర్, ముందు మూడు గుండీలు. వీధిలో ఎవరికి కాన్పయినా అదే ఇచ్చేది. రమ్య ఇద్దరు పిల్లలకూ అదే. కొత్తది మొదలుపెడదామని ఎన్నోసార్లు సూదులు పట్టుకుంది. పాడవుతుందేమో అనిపించగానే చేతులు తమకు తెలిసిన దారిలోకే వెళ్లిపోయేవి.

పుస్తకాలు దొరికేది బస్టాండు దగ్గర బక్కయ్య పాత పేపర్ల దుకాణంలో. తూకానికి వచ్చిన కట్టల్లో అల్లికల పుస్తకం కనిపిస్తే ఆయన తీసి పక్కన పెట్టేవాడు. "అక్కా, నీ సామానొచ్చింది," అని ఆమె దారిన పోతుంటే పిలిచేవాడు. చూసి పోదామని ఆగేది, చేతిలో పుస్తకంతో ఇంటికొచ్చేది.

ఆ వానాకాలం బక్కయ్య ఇచ్చిన ఒక ఇంగ్లీషు పుస్తకం మొదటి పేజీలో ఊదారంగు సిరాతో "ఇందిర, క్రాఫ్ట్ టీచర్, నాగర్‌కర్నూల్, 1979" అని రాసి ఉంది. లోపల ఒక శాలువా బొమ్మ పక్కన పెన్సిలుతో చిన్న అక్షరాలు. "ఇది తప్పకుండా అల్లాలి." నాగేంద్రమ్మ నవ్వుకుంది. దసరా వెళ్లాక ఇంకో పుస్తకం వచ్చింది. అదే సిరా, అదే పేరు. బొమ్మల పక్కన ఏడెనిమిది చోట్ల "తప్పకుండా అల్లాలి." సంక్రాంతి తర్వాత మూడోది వచ్చింది. ఈసారి ఆమెకు నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం మూడింటినీ ఈరన్న ముందు పెట్టింది. "ఒక్కొక్కటే అమ్ముతున్నరయ్యా ఈమెవి. ఎవరో, ఏమయిందో."

"సచ్చిపోయిందేమో," అన్నాడు ఈరన్న టీ తాగుతూ. "మనిషి పోతే పుస్తకాలు యాడికి పోతయ్? బక్కయ్య తాననే తేలుతయ్. నీవి గూడ అంతే."

ఆ చివరి మాట ఆమెకు సూదిలా దిగింది. "రేపు పోయి చూసొస్త," అంది.

ఈరన్న వద్దనలేదు. పొద్దున్నే తనే తీసుకెళ్లి నాగర్‌కర్నూల్ బస్సెక్కించాడు.

ఆడపిల్లల బడిలో అటెండరును అడిగితే ఇల్లు వెంటనే చెప్పాడు. ఇందిరా టీచరంటే తెలియనివాళ్లు లేరట. బతికే ఉంది. పదవీ విరమణ చేసి పదేళ్లు దాటింది, షుగరుతో చూపు పోయిందని మాత్రం అన్నాడు.

తలుపు తీసింది కోడలు మానస. ముప్పై దాటని మనిషి, నడుముకు కొంగు దోపుకుని ఉంది. నాగేంద్రమ్మ సంచిలోంచి పుస్తకం పైకి తీయగానే ఆమె ముఖం పాలిపోయింది. వాకిట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది.

"అక్కా, నీ కాళ్లు మొక్కుత, మా అత్తకు చెప్పకు. సున్నాలేసేటప్పుడు ఆమె పుస్తకాల పెట్టె జరపలేకపోయినం. కండ్లు కనబడయ్ కదా, ఇంకేం జేస్తదని వనపర్తి నుంచొచ్చే పాత పేపర్లోనికి జర్ర జర్ర అమ్మేసిన. ఆమెకు తెల్వదు."

నాగేంద్రమ్మ ఏమీ అనేలోగా లోపలినుంచి గొంతు వినబడింది. "ఎవరమ్మా?"

ఇందిరమ్మ నులకమంచం మీద కూర్చుని ఉంది. సన్నగా, తెల్లటి నేతచీరలో, వేళ్లు ఊరికే ఉండలేనట్టు కొంగు అంచును మడుస్తూ విప్పుతూ. నాగేంద్రమ్మ తన పేరు చెప్పి, "వనపర్తి నుంచి వచ్చిన టీచరమ్మా, అల్లికలంటే నాకు పాణం," అంది. పుస్తకాల ఊసెత్తలేదు. మానస గుమ్మం దగ్గర చెంబు పట్టుకుని నిలబడిపోయింది.

ఇందిరమ్మ చెయ్యి చాచి నాగేంద్రమ్మ ఒళ్లో ఉన్న సంచి తడిమింది. అట్ట తగలగానే వేళ్లు ఆగాయి. పుస్తకాన్ని పైకి తీసి, వెనక అట్ట మూల చిరిగిన చోటు వెతికి పట్టుకుంది.

"ఇది నాదే బిడ్డా."

గుమ్మం దగ్గర మానస చెంబు కింద పెట్టిన చప్పుడైంది.

"మానసా, గట్ల నిలబడకు. నాకు తెల్వదనుకుంటున్నవా? ఆ పెట్టె మీద చెయ్యేసి కొడితే ఖాళీదో నిండుదో తెల్వదా నాకు? ఆర్నెల్లాయె తెలిసి."

మానస ఏడుపు ఆపుకోలేకపోయింది. "మరెందుకు అడగలేదత్తా?"

"ఏమని అడగాలె? అన్ని కొన్న, ఒక్కటన్న అల్లితినా? బడిల పిల్లలకు దస్తీ రుమాళ్లు కుట్టుడు నేర్పుడు, ఇంటికొచ్చి పుస్తకాలు చూసుడు. ఇది అల్లాలె, అది అల్లాలె అని రాసుకునుడే. నేనే సిగ్గుపడి ఊకున్న."

"నేను గూడ గంతే టీచరమ్మా. మా ఇంట్ల బియ్యం డ్రమ్ముల గూడ పుస్తకాలే ఉన్నయ్," అనేసింది నాగేంద్రమ్మ. ఇందిరమ్మ పకపకా నవ్వింది. మానస కూడా కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

పుస్తకాలు ఇక్కడే పెట్టి పోతానంటే ఇందిరమ్మ ఒప్పుకోలేదు. "నేనేం జేసుకోవాలె? నువ్వు చదువు, నేను అల్లుత. చేతులకేం కాలే."

"నాకు ఇంగ్లీషు సరిగ రాదు టీచరమ్మా."

"అక్షరాలొస్తయ్ కదా. కె అంటే సీదా, పి అంటే ఉల్టా. పక్కన అంకె ఎంతుంటే అన్ని కుట్లు. మిగిలింది నేను చెప్త."

అలా మొదలైంది. పదిహేను రోజులకోసారి నాగేంద్రమ్మ పొద్దున బస్సుకు వెళ్లి సాయంత్రం బస్సుకు వచ్చేది. ఇందిరమ్మ ఎంచుకున్నది జడ అల్లిక స్వెట్టర్, పెద్దవాళ్లది. ఒక్కో వరుసా నాగేంద్రమ్మ చదివేది. ఇందిరమ్మ పెదాలు కదుపుతూ కుట్లు లెక్కపెట్టుకుని, వేలికొసతో జడ మలుపు తడిమి చూసుకునేది. మానస మొదట్లో టీ ఇచ్చి లోపలికి వెళ్లేది. కొన్నాళ్లకు తనూ వచ్చి ఊలు ఉండ చుడుతూ కూర్చునేది.

తప్పులూ జరిగాయి. ఒకసారి చెమ్మకు అంటుకున్న రెండు పేజీలు కలిసి తిరిగిపోయాయి. నాగేంద్రమ్మ చూసుకోకుండా స్వెట్టర్ చెయ్యికి తర్వాతి పేజీలో ఉన్న చిన్నపిల్లల కొలత చదివేసింది. రెండు వారాల తర్వాత ఇందిరమ్మ ఆ చెయ్యి ఎత్తి పట్టుకుని, "ఇది ఎవరి చెయ్యి బిడ్డా, పాలు తాగే పిల్లదా?" అని అడిగింది. నాగేంద్రమ్మ పేజీలు వెనక్కి తిప్పి తప్పు చూసుకుంది. అంత ఊలు, అన్ని రోజుల పని. ఇందిరమ్మ మాత్రం సూది లాగేసి, దారం కొస దొరకబుచ్చుకుని గబగబా విప్పేసింది. నిమిషంలో ఆ చెయ్యి మాయమై ఒళ్లో ముంగురుల్లాంటి ఊలు మిగిలింది.

"పరేషాన్ ఎందుకు? ఊలు ఈడనే ఉంది కదా. మళ్ల చదువు," అంది.

స్వెట్టర్ 2006 జనవరిలో పూర్తయింది. బూడిద రంగు, ముందు రెండు జడలు. ఎవరికి ఇస్తుందో ఇందిరమ్మ అప్పటిదాకా చెప్పలేదు. కొడుకుకేనని నాగేంద్రమ్మ అనుకుంది. గుండీలు కుట్టడం అయ్యాక ఇందిరమ్మ, "మానసా, ఇటు రా," అని పిలిచి కోడలి భుజం మీద చెయ్యి వేసింది. ఈ భుజం నుంచి ఆ భుజానికి జానతో కొలిచి, "సరిపోతది. పొద్దుగాల పాలకు పోతవ్, సలిపెడతది. ఏసుకో," అంది.

మానస తొడుక్కుంది. సరిగ్గా సరిపోయింది. అత్త రెండు చేతులూ పట్టుకుని కూర్చుండిపోయింది. నాగేంద్రమ్మ వాళ్లనలా వదిలేసి, చెప్పులేసుకుని బస్టాండుకు నడిచింది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. సంచిలోంచి సూదులు, ఎర్ర ఊలు తీసింది. అయిజలో మనవరాలికి నాలుగేళ్లు నిండుతున్నాయి. పుస్తకం ఒళ్లో పరుచుకుని ఆకుల డిజైన్ మొదలుపెట్టింది. కె మూడు, పి రెండు. బిజినేపల్లి వచ్చేసరికి నాలుగో వరుసలో ఒక కుట్టు తక్కువైంది. ఎక్కడ పోయిందో రెండుసార్లు లెక్కపెట్టినా దొరకలేదు. కాసేపు అటూ ఇటూ చూసి, సూది లాగేసింది. నాలుగు వరుసలూ విప్పి, ఊలును వేలికి చుట్టుకుని, మళ్లీ మొదటి కుట్టు వేసింది.