చివరి పేజీ చూసి కాల్చిన పుస్తకాలు

మా చిన్నప్పుడు... మొయినాబాదులో సామేలు సార్ కొత్త పుస్తకం తెచ్చాడంటే, అది ఎవరింటికి పోతుందా అని పిల్లలమంతా ఆయన వెంట పడేవాళ్లం. ఆ పుస్తకాలను పోయిన ఏడు నడిబజారులో కాల్చింది మేము... కాలేజీ పోరగాళ్లం ఆరుగురం. పుస్తకాల సందుగ మోసింది నేను. అగ్గిపుల్ల గీసింది నేను. ముందు ఆ మాట చెప్పకుండా చిన్ననాటి ముచ్చట్లు చెప్పుకునే హక్కు నాకు లేదు.

సార్ బడిలో పాఠాలు చెప్పి దిగిపోయిన మనిషి. చర్చి వెనక ఒంటి అర్ర, ఒక కుర్సీ, రెండు సందుగల పుస్తకాలు... అదే మా లైబ్రరీ. నెలకోసారి పట్నం పోయి, గండిపేట దాటి వచ్చే సాయంత్రం బస్సులో దిగేవాడు. చంకలో కొత్తగా అచ్చయిన పుస్తకాలు నాలుగో ఐదో ఉండేవి.

ఒక్కొక్కటీ తానే ముందు చదివేవాడు. చదివాక మొదటి పేజీకి ఉడకబెట్టిన పిండి లై పూసి ఒక చిట్టీ అంటించేవాడు. ఆ పుస్తకం ఎవరు చదవాలో ఆ చిట్టీలో ఉండేది...

బావులూ పంపుసెట్ల మీద వచ్చిన పుస్తకానికి 'ముడిమ్యాలలో బావి ఎండినవాళ్లకు' అని. హంతకుడెవరో ఆఖరు దాకా తెలియని నవలకు 'పొద్దుపోని పటేలుకు. చివర ఏమైందో ఎవరికీ చెప్పొద్దు' అని. పిల్లల కథలకు 'అబద్ధాలాడే పిల్లలకు. ఇంకా మంచిగ ఆడటం వస్తుంది' అని.

ఒక సంసారపు నవలకు 'అత్తతో మాట్లాడని కోడళ్లకు, కోడలితో మాట్లాడని అత్తలకు' అని రాశాడు. ఒకే ఇంట్లోంచి ఇద్దరు, ఒకరికి తెలియకుండా ఒకరు, అదే పుస్తకం అడగడానికి వచ్చారు. ఎన్ని రోజులు నవ్వుకున్నామో...

ఒకసారి మా ఇంటికే వచ్చాడు. మా అవ్వ, నన్ను కన్న తల్లి, కాన్పులు చేసేది. ఆమెకు అక్షరం రాదు. సార్ తెచ్చింది కాన్పుల మీద ఒక డాక్టరమ్మ రాసిన సన్న పుస్తకం. చిట్టీ మీద 'లచ్చమ్మకు. కొడుకు చదివి వినిపించాలి' అని ఉన్నది.

ఇరవై ఏండ్ల నుంచి చేస్తున్న పనికి పుస్తకమేందని అవ్వ నవ్వింది. అయినా పొయ్యి దగ్గర కూచోబెట్టి రోజుకో పేజీ చదివించుకున్నది. బొడ్డు కోసే కత్తిని నీళ్లలో మరిగించాలన్న పేజీ మాత్రం రెండుసార్లు. ఆ తెల్లారి నుంచి ఆ కత్తికి ఒక గిన్నె వేరే పెట్టింది. తరవాత కూడా ఆమెకు ఏ అనుమానం వచ్చినా నేను ఉరికి పోయి సార్ దగ్గర ఆ పుస్తకం తెచ్చి చదివేవాణ్ని...

తరవాత ఉద్యమం వచ్చింది. కరపత్రాలు చదివి చదివి నా రక్తం ఉడికేది. మన కొలువులు మనకే రావాలన్నది న్యాయం. ఆ మాట ఇవ్వాళ కూడా వెనక్కి తీసుకోను. కానీ ఆ కోపాన్ని నేను తీసుకుపోయింది ఎక్కడికి... సార్ అర్రలోకి.

ఒక్కొక్క పుస్తకం తీసి చివరి పేజీ చూశాం. అక్కడ ప్రెస్సు పేరు కింద ఊరి పేరు ఉంటుంది. కోస్తా ఊరైతే బయటికి, పట్నమైతే లోపలికి. మొదటి పేజీ ఒక్కదానిది కూడా తిప్పలేదు.

సార్ దర్వాజ బయట, కుర్సీ పక్కన నిలబడి చూస్తున్నాడు. "అచ్చు ఆడ అయితె అయింది బిడ్డా, సదివింది మనోళ్లే గద" అన్నాడు.

నేను అన్న మాట రాయడానికి చెయ్యి రావడం లేదు... రాస్తాను. "ఆంధ్రోళ్లు నీకెంత ఇస్తున్నరు సార్?" అన్నాను. దోస్తులు నవ్వారు. ఆయన కుర్సీ తీసుకొని లోపలికి పోయాడు.

ఇంటికి పోతే అవ్వకు అప్పటికే తెలిసింది. "నాది గూడ ఏసినవా అందుల?" అని అడిగింది. వేశానని చెప్పాను. "అది నా పేరు మీదున్న పుస్తకంరా. నన్ను అడగొద్దా?" అన్నది. అంతే...

సార్ నన్ను ఒక్క మాట తిట్టలేదు. చేవెళ్లలో ఎదురుపడితే బాగున్నవా అంటాడు. అర్ర తలుపు తీసే ఉంటుంది. కానీ అప్పటినుంచి ఎవరికీ ఏ పుస్తకమూ చెప్పడం లేదు.

పోయిన నెల పట్నం పోయి ఈ ఏడు అచ్చయినవి నాలుగు ఏరి తెచ్చాను. పల్లికాయ తెగుళ్ల మీద ఒకటి. నాట్లేసే ఆడవాళ్ల కథలు ఒకటి... అది చదువుతూ బస్సులో ఏడ్చాను. కడుపు పట్టుకొని నవ్వే నాటిక ఒకటి. మనిషి చంద్రుడి మీద దిగిన సంగతి పిల్లలకు బొమ్మలతో చెప్పింది ఒకటి. నాలుగూ చదవదగ్గవే, దొరికితే వదలకండి. సార్ ముందు పెట్టి, చిట్టీలు రాయమని అడిగాను.

ఆయన అన్నీ తిరగేసి మెల్లగా మూశాడు. "మంచిగనే ఉన్నయి బిడ్డా. ఎవరికి ఇయ్యాల్నో నాకు తోస్తలేదు. ఇన్నేండ్లు ఈ మనుషులు నాకు ఎర్కే అనుకున్న" అన్నాడు.

ఇప్పుడు ఆయన ఊరే విడుస్తున్నాడు. ఈ శనివారం పదకొండు గంటల బస్సుకు వికారాబాదులో కూతురి దగ్గరికి... చూసి రావడానికి కాదు, ఉండిపోవడానికి.

అప్పుడు పుస్తకం మనిషిని వెతుక్కుంటూ ఇంటికి వచ్చేది. ఇప్పుడు పుస్తకం కనపడితే ఏ ఊరిదని అడుగుతున్నాం... ఇంత తొందరగా ఇట్లా ఎట్లా మారిపోయామో.

సార్ చిట్టీ అంటించిన పుస్తకం మీ ఇంటికీ వచ్చి ఉంటుంది. అది మీకు ఏం చేసిందో ఆయన మొహం చూసి చెప్పండి. నేను చెబితే నమ్మడు... ఆ నమ్మకం నేనే పోగొట్టుకున్నాను. మా అవ్వ వస్తున్నది. నేను అందరి వెనక నిలబడతాను. చేవెళ్లవాళ్లకు ఎనిమిది గంటల బస్సు ఉన్నది.

శనివారం పొద్దున తొమ్మిదింటికి, చర్చి వెనక అర్ర ముందుకు రండి.