చేతులు కనబడని బొమ్మ

చాలా ఏళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. బరువు పెద్దగా ఏమీ లేదు. అన్నం తింటాను, నిద్రపోతాను, నలుగురిని నవ్విస్తాను. గద్వాల చీర కట్టుకుని ఎవరైనా ఎదురైతే మాత్రం రోడ్డు దాటి అటువైపు పోతాను. పెళ్లిళ్ల కాలంలో మా దిక్కు ఎంత నడవాల్సి వస్తుందో మీరే ఆలోచించండి.

డిగ్రీలో ఫిజిక్స్ చదివి, ఉద్యోగం రాక, దుకాణాలకు నిఘా కెమెరాలు బిగించే పనిలో పడ్డాను. మొదటిది గద్వాలలో ఒక చీరల దుకాణం. లోపల వెలుతురు తక్కువ. టీవీలో రంగులు కనబడటం లేదని సేటు పేచీ పెట్టాడు. ఇంకో రెండు ట్యూబులైట్లు వేయించమని చెప్పాల్సింది. చెప్పలేదు. కెమెరా షట్టర్ వేగం బాగా తగ్గించాను. షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంటే వెలుతురు ఎక్కువ వస్తుంది, బొమ్మ మెరుస్తుంది. కదలనిదంతా పెళ్లి ఫోటోలా ఉంటుంది. కదిలేది మాత్రం తడి రంగు మీద చెయ్యి పెట్టినట్టు అలుక్కుపోతుంది. సేటు మురిసిపోయాడు. చీరల దుకాణంలో కదిలేవన్నీ చేతులేనని నాకు తట్టలేదు.

ఆ దుకాణంలో చీరలు చూపించేది సుగుణమ్మ. పరుపు మీద కూచుని ఒక్క విసురు విసిరితే చీర కొంగుదాకా పరుచుకునేది. మళ్లీ మడిచి వెనక్కి వేసేది. అంతా రెప్పపాటు. ఒకరోజు జరీ అంచు ఎర్రచీర ఒకటి కనబడకుండా పోయింది. రికార్డు వేసి చూశారు. నన్నూ పిలిపించారు. బొమ్మలో ఎర్రటి మరక ఒకటి సుగుణమ్మ ఒడివైపు జారింది. ఆ తర్వాత చీర లేదు.

"సారూ, గిండ్ల నా చేతులేవి?" అంది సుగుణమ్మ. "చేతుల్లేకుంట ఎట్ల దాస్త?"

సేటు నా వైపు తిరిగాడు. "చదువుకున్నోనివి, నువ్వు చెప్పు. ఏమంటది నీ కెమెరా?"

"కెమెరాకు మొహమాటం ఉండదు సేటు," అన్నాను.

అందరూ నవ్వారు. నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది, దాచను. సాయంత్రానికి ఆమె పని పోయింది.

తెలియక అన్నానా? లేదు. చేతులేవి అని ఆమె అడగ్గానే నాకు సంగతి అర్థమైంది. రెండోరోజు సర్వీసింగ్ అని చెప్పి దుకాణానికి పోయి, నేనే ఒక ఎర్రచీర విసిరి, మడిచి, రికార్డు చూశాను. అదే మరక, నా ఒడిలోకి. బొమ్మ ప్రకారం నేనూ దొంగనే. ఆ ఒక్క విషయంలో కెమెరా పొరపాటు పడలేదేమో. గప్‌చుప్‌గా షట్టర్ వేగం పెంచి, బొమ్మ చీకటైందని సేటు అంటే ట్యూబులైట్లు వేయించాను. సేటుకు నిజం చెప్పలేదు. మొదటి పని, నా పేరు చెడిపోతుందని భయం. నా పేరు నిలబెట్టుకోవడానికి ఆమె పేరు పోనిచ్చాను. దీన్ని ఇంకే రకంగానైనా చెప్పొచ్చా అని ఇన్నేళ్లూ వెతికాను. దొరకలేదు.

మొన్న కొత్తకోటలో ఒక ధాబా ఓనరు బొమ్మ ఇంకా మెరవాలన్నాడు. "గట్ల పెడితే మనుషులు అలుక్కుపోతరన్నా, ఎవరో ఏందో తెల్వదు," అన్నాను. నోట్లోంచి ఎంత సులువుగా వచ్చింది! ధాబా ఓనరుకు చెప్పగలిగినవాణ్ణి, ఆమెకెందుకు చెప్పలేను?

ఆమె ఊరు అమరచింత పోయాను. సుగుణమ్మ ఇప్పుడు ఇంట్లోనే చీరలు పెట్టి అమ్ముతోంది. గిరాకీ బాగానే ఉంది. వాకిట్లో నిలబడి అంతా చెప్పాను. ఏడవలేదు, తిట్టలేదు, కూచోమనీ అనలేదు. ఇదే మాట ఆ దుకాణంలో, ఆనాడు నవ్వినవాళ్ల ముందర చెప్తావా అని మాత్రం అడిగింది. చెప్తానన్నాను. సేటుకు ఫోన్ చేసి అదే చెప్పాను. సోమవారం అందరూ ఉంటారు, రమ్మన్నాడు. సుగుణమ్మా వస్తానంది.

క్షమిస్తుందా? అడగలేదు. అది ఆమె ఇష్టం, నేను తొందరపెట్టే పని కాదు. సోమవారం ఏమవుతుందో తెలియదు గానీ, ఆ రోజు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నాను. దుకాణంలో ఏం చెప్పాలో ముందుగా మీ దగ్గర అని చూసుకుంటున్నాను: తప్పు నాది, ఆమెది కాదు.

నాలుగు మాటలే. ఇంత చిన్నవా ఇవి?